తక్కువ ఖర్చులో మృగయావినోదం

నేను పుట్టిన ఆంధ్రప్రదేశ్‌కి రాష్ట్ర జంతువు కృష్ణజింక. మా ఆవిడ పుట్టిన తెలంగాణకి చుక్కల జింక. మేమిద్దరం కాపురం ఉంటున్న పెన్సిల్వేనియాకి తెల్లతోక జింక, 1959 నుంచి. ఇన్ని వైపుల నుంచి జింకకి బంధువునైన నేను, దాన్ని కొట్టడానికి తుపాకీ బేరమాడుతూ ఒక వేసవంతా గడిపాను. ఆ వేసవిలో మా ఇంట్లో డిష్‌వాషర్ పాడైంది. అది బాగుపడలేదు. ఈ రెండు విషయాలకీ సంబంధం ఉందని మా ఆవిడ అభిప్రాయం.

పగ ఎక్కడ మొదలైందో చెప్పాలి. మేముండేది పిట్స్‌బర్గ్ పక్కన మన్రోవిల్‌లో. పెరట్లో గోంగూర వేశాం. గోంగూర మందారం కుటుంబంలోది, ఆ కుటుంబం ఆకులంటే తెల్లతోక జింకకి ప్రాణం. అవి మొక్కల్ని మోకాలెత్తు దాకా ఎదగనిచ్చి, రేపు కోసి పచ్చడి చేద్దామని మేమనుకున్న రోజున తెల్లవారుజామునే వచ్చి, కాడలు మాత్రం మిగిల్చి వెళ్ళేవి. నేను కిటికీ తెరిచి "హుష్" అంటే తలెత్తి చూసేవి. నోట్లో ఉన్నది నింపాదిగా నమిలి మింగి, తోక పైకెత్తి, పక్కింటి వాళ్ళ గులాబీల దగ్గరికి నడిచి వెళ్ళేవి. పరిగెత్తేవి కూడా కాదు. అదే నాకు బాగా మండింది.

ఒకరోజు మా ఆవిడ ఆ కాడలు చూసి, "ఈటిని ఎవరన్న కాల్చిపారేస్తే పీడ పోతది" అంది. ఆ మాట నాతో అన్నది కాదు, గోంగూరతో అన్నది. నేను మాత్రం లోపలికెళ్ళి ఎక్సెల్ తెరిచాను.

నేను మిక్సీ కొనాలన్నా పట్టిక వేసే మనిషిని. జార్లెన్ని, వాట్లెన్ని, వారంటీ ఎంత, జనం ఎన్ని చుక్కలిచ్చారు అని నిలువు వరసలు గీస్తాను, రంగులు నింపుతాను. చివరికి మా ఆవిడ మొదటిరోజు కొట్లో వేలు పెట్టి చూపించినదే కొంటాను. ఈ రెండింటి మధ్య కాలంలో నాకు కలిగే ఆనందానికి మా ఇంట్లో ఎవరూ పేరు పెట్టలేదు కానీ, కొనడం కంటే కొనబోవడంలోనే ఉంది నా సుఖమంతా.

పెరట్లోంచే కాల్చేస్తే పోయేదిగా అని మీరు అడగొచ్చు. ఇక్కడి చట్టం ప్రకారం మనుషులుండే ఇంటికి 150 గజాల లోపల, ఆ ఇంటివాళ్ళ అనుమతి లేకుండా తుపాకీతో వేటాడకూడదు. మా పెరట్లో ఎక్కడ నిలబడినా కనీసం నాలుగిళ్ళు ఆ లెక్కలోకి వస్తాయి. అదీగాక మా ఎలిగేనీ కౌంటీ మొత్తం ప్రత్యేక నిబంధనల ప్రాంతం. ఇక్కడ జింక మీద రైఫిల్ వాడకూడదు. షాట్‌గన్నో, మందు కూరి కాల్చే పాతరకం తుపాకీయో, విల్లంబులో పట్టుకోవాలి. అంటే నా గోంగూర తిన్న జింకకి చట్టం పూర్తి రక్షణ కల్పించింది. నేను కొట్టబోయేది ఉత్తరాన రెండు మూడు గంటలు కారు నడిపి, ఎలిగేనీ నేషనల్ ఫారెస్ట్‌లో, జన్మలో గోంగూర మొహం చూడని జింకని. "తిన్నదొకటి, తన్నులు ఇంకోదానికా?" అంది మా ఆవిడ. జవాబు చెప్పలేదు. నేనప్పటికే పట్టికలో ఆరో వరసలో ఉన్నాను.

తెనాలి నుంచి అమ్మ వీడియోలో విచారణ పెట్టింది. "ఒరేయ్ నాన్నా, వేటకెళ్ళి బాగుపడినవాడు మన పురాణాల్లో ఒక్కడున్నాడట్రా? దశరథ మహారాజు చప్పుడు విని బాణం వేసి ముని శాపం తెచ్చుకున్నాడు. పాండురాజు జింకను కొడితే అదీ మునే అయింది. రాముడంతటివాడు లేడి వెనకాల పోతే ఇక్కడ కొంపే మునిగింది." మా ఆవిడ పక్కనుంచి అందుకుంది: "అత్తమ్మా, నేనైతే ఆ జింక కావాల్నని అడగలే. అది యాదుంచుకోండ్రి." ఆగి, ఇంకోటి కూడా కలిపింది: "దుష్యంతుడు గూడ జింకనే తరుముకుంట పోయి ఇంకో పెండ్లి జేస్కున్నడు గదా?" అమ్మ నా వైపు కొత్తగా చూసింది.

నా తరఫు వాదన లేకపోలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి పెన్సిల్వేనియాలో జింకలు దాదాపు అంతరించాయి. 1895లో గేమ్ కమిషన్ పెట్టి, 1906లో మిచిగన్ నుంచి జింకల్ని డబ్బిచ్చి కొని తెచ్చి అడవుల్లో వదిలారు. తోడేళ్ళూ కొండసింహాలూ అప్పటికే లేవు కాబట్టి అవి పెరిగి పెరిగి ఇప్పుడు మా పెరడు దాకా వచ్చాయి. 1937 నాటి చట్టం ప్రకారం ఇక్కడ అమ్మే ప్రతి రైఫిల్ మీదా, ప్రతి తూటా మీదా తయారీ దగ్గరే 11 శాతం పన్ను వేసి, ఆ డబ్బు వన్యప్రాణుల సంరక్షణకే ఇస్తారు. "కాబట్టి నేను తుపాకీ కొంటే అడవికి మేలు" అని ముగించాను. మా ఆవిడ అంతా శ్రద్ధగా విని, "బ్లాక్ ఫ్రైడేకు తగ్గుతదా?" అని అడిగింది.

తగ్గుతుంది. అక్కడే ఉంది చిక్కంతా. రైఫిల్ సీజన్ 2019 నుంచీ థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మొదలవుతోంది. బ్లాక్ ఫ్రైడే దానికి ముందురోజు. శుక్రవారం తుపాకీ కొని శనివారం అడవికెళ్తే గురి కుదరదని చెప్పాను. "నువ్వు ఉగాదికి కొన్నా గురి గట్లనే ఉంటది" అంది. అయినా పెద్దమనసు చేసుకుని ఐదు వందల డాలర్లు మంజూరు చేసింది. అన్నీ అందులోనే. ఈ 'అన్నీ' అనే మాటకి అర్థం మా ఇద్దరికీ వేరువేరని తర్వాత తెలిసింది.

తుపాకీ కంటే ముందు లైసెన్సు, లైసెన్సు కంటే ముందు శిక్షణ. మొదటిసారి లైసెన్సు తీసుకునేవాళ్ళు ఎవరైనా వేట శిక్షణ తరగతి పూర్తి చేయాలి. పదకొండేళ్ళు నిండిన పిల్లలు అందులో చేరొచ్చు, అందువల్ల వాళ్ళే చేరతారు. ఊరవతల ఒక హాల్లో మడత కుర్చీలు వేసిన వరసలో, పళ్ళకి క్లిప్పులు పెట్టుకున్న పిల్లల మధ్య నేను కూర్చున్నాను. తుపాకీ చేతికిస్తే మొదట ఏం చేయాలని మాస్టారు అడిగారు. "బరువెంతో చూడాలి" అన్నాను, నా పట్టికలో మొదటి వరస అదే మరి. నా పక్కనున్న పిల్ల, "గొట్టం మనుషుల వైపు లేకుండా తిప్పి, బోల్ట్ తెరిచి, లోపల తూటా ఉందేమో చూడాలి" అని గడగడా చెప్పి, నా వైపు జాలిగా చూసింది. పరీక్ష పాసయ్యాను. లైసెన్సు 20.97 డాలర్లు. ఈ మొత్తం వ్యవహారంలో నేను అనుకున్న ధరకి దొరికింది అదొక్కటే.

ఇక తూటా. పేరుకి ఒక చిన్న ఇత్తడి గొట్టమే కానీ అమెరికాలో దానిమీద స్నేహాలు చెడిపోతాయి. .30-06 అమెరికా సైన్యం 1906లో ఎంచుకున్న తూటా. మిచిగన్ జింకలు పెన్సిల్వేనియాకి దిగిన సంవత్సరమే అది కూడా దిగింది, ఇది యాదృచ్ఛికమని జింకలు ఒప్పుకోవు. .270 విన్‌చెస్టర్ 1925లో వచ్చింది. జాక్ ఓ'కానర్ అనే రచయిత జీవితాంతం దాన్ని పొగుడుతూ రాశాడు. .308 విన్‌చెస్టర్ 1952లో. కాల్చినప్పుడు భుజానికి తన్నుడు తక్కువగా ఉండాలనుకునేవాళ్ళకి 1955లో .243. ఈ కాలం కుర్రాళ్ళకి 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్. వీటి అభిమానులు ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానులలాగా కొట్టుకుంటారు. నేను నాలుగొందల గజాల దూరంలో ఏ తూటా ఎన్ని అంగుళాలు కిందికి దిగుతుందో పట్టిక వేసి, మా పక్కింటి పెద్దాయనకి చూపించాను. ఆయన పుట్టిందే ఈ కొండల్లో, ఊహ తెలిసినప్పటి నుంచీ వేటాడుతున్నాడు. కళ్ళజోడు సవరించుకుని కాగితం అటూ ఇటూ తిప్పి, "మా అడవిలో వంద గజాల అవతల నీకు జింక కాదు, ఏనుగు కూడా చెట్ల మధ్య కనపడదు. వీటిలో దేనితో తగిలినా జింక చచ్చిపోతుంది. నీకేది తన్నితే కళ్ళు మూసుకోవో అది కొనుక్కో" అన్నాడు. రెండు నెలల పట్టిక అలా పోయింది.

ఆయన చెప్పినదాంట్లో నిజముందని ఇప్పుడు ఒప్పుకుంటాను. తక్కువ ధర రైఫిల్ తేలికగా ఉంటుంది. కొండలెక్కి దిగేవాడికి తేలిక మంచిదే కానీ, అదే తూటా తేలిక తుపాకీలో భుజాన్ని ఎక్కువ తంతుంది. తన్నుకి భయపడ్డవాడు ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్ళు మూసి బిగుసుకుపోతాడు, గురి అక్కడే పోతుంది. .243 తన్ను .30-06 తన్నులో సుమారు సగమే. నాకు .243 చాలు. కానీ పిల్లలకి కొనిపెట్టే తూటా అని ఎవరో అనడం విన్నాను, క్లాసులో ఆ క్లిప్పుల పిల్ల గుర్తొచ్చింది, పరువు కోసం .308 తీసుకున్నాను. పరువు ఖరీదు నా భుజం కట్టింది.

రైఫిల్ ఎంపికలో పెద్ద కథ లేదు. సావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్, మాస్‌బర్గ్ పేట్రియట్: బడ్జెట్ మనుషులు తిరిగే వీధి ఇదే. అన్నీ బోల్ట్ తిప్పి కాల్చేవే. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో జింకను కొట్టడం పెన్సిల్వేనియాలో ఎలాగూ నిషిద్ధం. బట్టు చెక్కది కాదు, ప్లాస్టిక్. వాల్‌నట్ చెక్క మెరుపు చూసి మనసు పడితే ధర పైకి పోతుంది, గురి మెరుగవ్వదు. నలభై యాభై ఏళ్ళ కిందట పెద్ద ధర పెట్టి కొన్న తుపాకులకి దీటుగా ఇవాళ ఈ చవక తుపాకులు కాలుస్తాయి. నాకంటే బాగా కాలుస్తాయనడంలో సందేహమే లేదు. రూగర్ తీసుకున్నాను, భుజానికి ఎత్తిపెట్టుకున్నప్పుడు చెంపకి బాగా ఆనిందని.

కొట్లో 4473 అనే ఫారం ఇచ్చారు. గ్రీన్ కార్డు కోసం పదేళ్ళు ఫారాలు నింపినవాడికి ఫారం చూస్తే భయం లేదు, ఒకరకమైన పుట్టింటి వాతావరణం కనిపిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి కొనే హక్కుంది. హెచ్1బి మీదున్న మా కొలీగ్ కుర్రాడు తోడొచ్చి, "మాకైతే కుదరదు కదన్నా" అని నిట్టూర్చాడు. మామూలుగా కుదరదు. కానీ ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే ఫెడరల్ చట్టంలో దానికి మినహాయింపు ఉంది. వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్ళాలంటే వణికే కుర్రాడు, జింక పేరు చెప్పి తుపాకీ కొనుక్కోవచ్చునన్నమాట. రాష్ట్ర పోలీసుల తనిఖీ నిమిషాల్లో అయిపోయింది. నా గురించి వాళ్ళకి అభ్యంతరం లేదని వచ్చింది. ఇంట్లోనే ఇంకా రాలేదు.

అసలు బడ్జెట్టుని మింగింది తుపాకీ మీద బిగించే దుర్భిణి, అదే స్కోపు. ఇక్కడ మాత్రం నేను మీకు నిజంగా పనికొచ్చే ముక్క చెప్పగలను. పెట్టెలో తుపాకీతోపాటే బిగించి వచ్చే స్కోపు చూసి ముచ్చటపడకండి. తుపాకీ ఎక్కడ చవకగా తీసుకున్నా ఫరవాలేదు, అద్దం దగ్గర మరీ పిసినారితనం పనికిరాదు. జింక బయటికొచ్చేది పొద్దు పొడవక ముందూ, కుంకాకా. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేటాడొచ్చు. ఆ రెండు అరగంటల్లో చవక అద్దంలోంచి చూస్తే మోడుకీ మగజింకకీ తేడా తెలియదు.

స్కోపు మీద 3-9x40 అని రాసి ఉంటే, మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల దాకా పెద్దది చేసి చూపిస్తుందని, ముందు అద్దం వ్యాసం 40 మిల్లీమీటర్లని. నాకు 50 మిల్లీమీటర్లది కావాలనిపించింది. ఎందుకంటే అది పెద్దది. కొట్లో కుర్రాడు లెక్క చెప్పాడు: అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి అందే వెలుగు గుండ్రం ఎంతో వస్తుంది. 40ని నాలుగుతో భాగిస్తే పది మిల్లీమీటర్లు. చీకట్లో కుర్రాళ్ళ కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా విప్పారుతుంది, వయసు మీదపడేకొద్దీ ఐదు దగ్గరే ఆగిపోతుంది. "మీకు నలభై చాలు సార్" అన్నాడు మర్యాదగా. నా కంటిపాప వయసు ఐదు వందల బడ్జెట్టులో కొంత ఆదా చేసింది. ఆ ఆదాని స్కోపు బిగించే రింగులూ, వాటి కింది పట్టీలూ, మరలు ఎంత బిగించాలో కొలిచే స్క్రూడ్రైవరూ మింగేశాయి. ఇవి విడిగా కొనాలని నా పట్టికలో లేదు.

గురి సరిచేయడం షూటింగ్ రేంజిలో. ముందు 25 గజాల్లో కాగితం మీద చూసుకుని తర్వాత వంద గజాలకి వెళ్ళాలి. మీట ఒక్క క్లిక్కు తిప్పితే వంద గజాల దగ్గర పావంగుళం జరుగుతుంది. 25 గజాల దగ్గర అందులో నాలుగో వంతే. అంటే దగ్గర్లో నాలుగు రెట్లు క్లిక్కులు తిప్పాలి. ఇంజనీరింగ్ చదివిన నేను నాలుగుతో భాగించాను. ఇరవై తూటాల పెట్టె ముప్ఫై నలభై డాలర్లు. నా భాగహారానికి పెట్టె పెట్టె చెల్లించాను. పక్కింటి పెద్దాయన వెనక కుర్చీలో కూర్చుని, ఒక్కమాటా అనకుండా, ఖాళీ తూటా గొట్టాలు ఏరి సంచిలో వేసుకుంటున్నాడు.

స్కోపుకీ కంటికీ మధ్య మూడున్నర అంగుళాలు ఖాళీ వదలాలి. నాకు సరిగ్గా కనపడటం లేదని మెడ ముందుకు సాచాను. .308 వెనక్కి తన్నింది. కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంలో శుభ్రంగా గాటు పడింది. మర్నాడు శనివారం, పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. పూజారిగారు శఠగోపం పెడుతూ ఆగి, "ఏమైంది నాయనా?" అన్నారు. కొండలరాయుడి ఎదుట జింక పేరెత్తడం బాగుండదని, "కొద్దిగా తగిలిందండీ" అన్నాను. "తుపాకీ తగిలిందండీ" అంది మా ఆవిడ స్పష్టంగా. లైన్లో మా వెనకున్న కుటుంబం రెండడుగులు వెనక్కి జరిగింది.

వేటరోజున తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు ఒంటిమీద ఉండాలి. తోటి వేటగాళ్ళు మనల్ని జింక అనుకోకుండా. జింకకి ఆ రంగు ప్రత్యేకంగా ఆనదు, దాని కంటికి ఎరుపు తెలియదు. నీలం బాగా తెలుస్తుంది. టోపీ, చొక్కా వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే అమ్మ వీడియో కాల్ వచ్చింది. "దీక్ష తీసుకున్నావా నాన్నా! ఎంత మంచి పని చేశావురా" అని కళ్ళు తుడుచుకుంది. నేను సరిదిద్దలేదు. నలభై రోజులు మాంసం మానేశానని కూడా ఆమే అనేసుకుంది. జింకకి రంగు తెలియకపోయినా వాసన తెలుస్తుంది. మా కోట్లు తగిలించే అలమర వంటగది పక్కనే. పెద్దాయన నా కోటు ఒకసారి వాసన చూసి, "ఇదేం మసాలా?" అన్నాడు. ఇంగువ అని చెప్పాను. "జింకకి కూడా కొత్తగానే ఉంటుంది" అన్నాడు.

అడవిలో ఏం జరిగిందంటే, తెల్లవారిన కాసేపటికి నాకు బాగా దగ్గర్లో జింక వచ్చి నిలబడింది. నా దగ్గరున్నది తొమ్మిది రెట్ల స్కోపు, తొమ్మిది రెట్లకీ డబ్బు కట్టాను కాబట్టి తొమ్మిది మీదే పెట్టుకుని కూర్చున్నాను. చూస్తే అద్దం నిండా గోధుమరంగు వెంట్రుకలు. తలా కాదు, తోకా కాదు, వట్టి వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక చివర నలుపుతో సహా అద్భుతంగా కనిపిస్తున్నాయి. అది జింకలో ఏ భాగమో తెలియలేదు. రింగు మూడుకి తిప్పబోతే ఊపిరి తగిలి అద్దం ఆవిరి పట్టింది. బొటనవేలితో తుడిచి మళ్ళీ చూసేసరికి వెళ్ళిపోతున్న తెల్లతోక. మా పెరట్లో చూసిన నడకే. పరిగెత్తలేదు.

అది ఆడజింకని పెద్దాయన తర్వాత అడుగులు చూసి, కాస్త మర్యాదకీ, తేల్చాడు. ఆడజింకకి విడిగా ఇంకో లైసెన్సు తీసుకోవాలి, అది నా దగ్గర లేదు. ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా ఆవిడ చాలాసేపు లెక్క వేసి, "అంటే సక్కగ కనపడ్డా కొట్టరాకపోవు" అంది. అంతే.

లెక్క మీకూ చెప్పేస్తాను. కొనదలచుకున్నవాళ్ళు రైఫిల్‌కి ఎంత అనుకుంటారో అంతకి రెట్టింపు పక్కన పెట్టుకోండి; .243, .308, .270 ఏదైనా ఒకటే, నెలల తరబడి ఆలోచించకండి. 3-9x40 స్కోపు తీసుకుని దాన్ని మూడు మీదే ఉంచండి. పట్టికకి పెట్టే సమయం రేంజిలో పెట్టండి, క్లిక్కులు గుణించండి. తాళం వేసే ఇనప పెట్టె మాత్రం బేరమాడకుండా కొనండి, ఇంట్లో పిల్లలున్నా లేకపోయినా. జింకకి నలభై యాభై పౌన్ల మాంసం వస్తుందని చదివి నేను ముందుగానే గరాజ్‌లో పెద్ద ఫ్రీజర్ కొని పెట్టాను. అది పట్టికలో ఉంది. కొత్తది, వారంటీలో ఉంది, ఒక్కసారి కూడా వాడలేదు. మన్రోవిల్ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి, ధర దగ్గర పేచీ పెట్టను. వచ్చే డబ్బుతో డిష్‌వాషర్ బాగు చేయించాలి.